బస్సులో ఇద్దరెక్కువ

చెల్లీ,

మేం క్షేమంగానే ఉన్నాం, కంగారుపడకు. నిన్న దీవంతా చూపిస్తామని బస్సెక్కించారు. చూసిందల్లా ఒక గవ్వల దుకాణం, కిటికీలోంచి వానలో ఏదో కొండ. దుకాణం దగ్గర దిగి మళ్ళీ ఎక్కాం. కండక్టరు ఉద్యోగం వదిలి ఆరేళ్ళయినా మీ బావగారు తలలు లెక్కపెట్టకుండా బస్సులో కూర్చోలేరు కదా! గైడమ్మాయి చేతిలో కాగితం చూసి, "ముప్ఫై రెండు రావాలి, ముప్ఫై నాలుగొస్తోంది. ఎవరో ఇద్దరు ఊరికే ఎక్కేశారు, దించెయ్యమ్మా!" అని ఒకటే గోల. ఆ అమ్మాయి పేర్లు పిలిచింది. అందరూ పలికారు, మేమిద్దరం తప్ప. అది మా బస్సే కాదట! రెండింటికీ అదే రంగు, అవే పరదాలు, నాకేం తెలుసు?

మా బస్సుకు ఫోన్ చేస్తే, "మా లెక్క సరిపోయింది, ఎవరూ తగ్గలేదు" అన్నారు. మరి మా సీట్లలో కూర్చున్నదెవరో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు. "ముప్ఫై ఏళ్ళలో ఒక్కణ్ణి దారిలో వదిలెయ్యలేదే నేను" అంటూ ఈయన నిన్నటినుంచి ముద్ద ముట్టలేదు.

గ్యాస్ కట్టేశానో లేదో గుర్తు లేదు, వెళ్ళి చూడు. చిన్నదాని దగ్గు తగ్గిందా? పిల్లలిద్దరూ చల్లగా ఉండాలి. పక్కింటివాళ్ళు, పాలాయన మేమేరని అడిగారా? అడక్కపోయినా, ఫోన్ చేసి అడిగారనే చెప్పు మీ బావగారికి.

అక్క