చుట్టకూడని బెల్టు

మార్చి 4

బావ సైకిల్ పూర్తయింది. మూడు నెలలు పట్టింది. చైన్ లేదు, దాన్ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే డిరైలర్ లేదు, చేతికి గ్రీజు అంటదు. గేర్లన్నీ వెనక చక్రం నడిమధ్యనున్న హబ్‌లోనే ఉంటాయి. దాన్ని తిప్పడానికి పళ్లున్న బెల్టు. ఇంత మంచి బండి నా షాపులో ఇంతవరకూ తయారవలేదు. ఈ మాట పైకి అంటే గొప్పలంటారు, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

అక్క షాపుకొచ్చి చూసింది. యాభై ఏళ్లొచ్చాక ఈయనకి బుద్ధి మందగించింది, నీకు మొదట్నుంచీ లేదు, వెళ్లి రండి అంది. రేపు బావా నేనూ సైకిళ్ల మీద బయల్దేరుతున్నాం, ఐదు రోజుల కొండదారి. బావ లెక్కల మాస్టారు. కొండల మీద కూడా నా తప్పులు దిద్దుతాడు.

స్పేర్ బెల్టు బ్యాగులో పట్టలేదు. మూడు చుట్లు చుట్టి, వైరుతో బిగించి, టూల్ డబ్బాలో కుక్కాను. ఇరవై ఏళ్లుగా చైన్లు అలాగే చుడుతున్నాను.

మార్చి 6, సాయంత్రం

బెల్టులో రాయి ఇరుక్కుని అంచు చీలింది. స్పేర్ వేశాను. ఇరవై ఐదు నిమిషాలు. బావ పక్కన కూర్చుని బిస్కెట్లు నములుతూ, జన్మలో తెగదని మూడు నెలలు నా బుర్ర తిన్నావు కదమ్మా మరదలా, మరి ఇదేమిటీ అన్నాడు. ఇది కూడా పోతే మీ నడుం బెల్టు వేస్తాను, ప్యాంటు చేత్తో పట్టుకుని తొక్కండి అన్నాను. నవ్వీ నవ్వీ బావకి పొలమారింది.

మార్చి 7, ఉదయం 10.40

బావ పడిపోయాడు.

ఎత్తు ఎక్కుతూ పెడల్ మీద నిలబడి తొక్కుతున్నాడు. బెల్టు పుటుక్కుమంది. కాలు జారి, సైకిల్‌తో సహా దారి అంచు దాటి రాళ్లలో పడ్డాడు. ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. పాదం ఉండాల్సిన వైపు లేదు. టెంటు కర్రలు పెట్టి కట్టాను. ఫోన్లో సిగ్నల్ లేదు. రెండు రోజులుగా ఒక్క మనిషి ఎదురుపడలేదు. రోడ్డు ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు.

బండరాయి నీడలో పడుకోబెట్టాను. నీళ్లన్నీ ఆయన దగ్గరే పెట్టాను. కాలి వేళ్లు చల్లగా ఉన్నాయి. గిల్లాను. గిల్లితే చెప్పి గిల్లు, తెలియడం లేదు అన్నాడు. అది కూడా నవ్వుతూనే అన్నాడు. నాకు భయమేసింది.

బయల్దేరే ముందు బెల్టు చూశాను. సరిగ్గా నేను వంచిన చోటే తెగింది. చుట్టినప్పుడే లోపలి కార్బన్ పోగులు విరిగి ఉంటాయి, పైకి కనపడవు. మడవొద్దు, బిగించి చుట్టొద్దు అని అది వచ్చిన అట్టపెట్టె మీదే రాసి ఉంది. నేను చదివాను. చదివి కూడా చుట్టాను. చేతులకి చైనే తెలుసు.

బావకి చెప్పలేదు. తెగిన బెల్టు జేబులో పెట్టుకున్నాను.

12.15

నాది పాత రకం, చైన్ సైకిల్. వాలులో ఒళ్లు తెలియకుండా పోనిచ్చి రాయికి కొట్టాను. డిరైలర్ విరిగి చువ్వల్లోకి పోయింది. పీకి పారేశాను. చైన్ పొట్టి చేసి, వెనక మధ్య పళ్లచక్రం మీద నేరుగా వేస్తున్నాను. ఇక ఒకటే గేరు. చెయ్యి వణికి చైన్ కలిపే పిన్ను కుదరడం లేదు. రెండు నిమిషాలు రాస్తే నిలబడుతుందేమోనని రాస్తున్నాను. ఇంకా ఇరవై ఏడు కిలోమీటర్లు.

1.30

తెగింది. చైన్ పక్కనున్న పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కి, బిగుసుకుని తెగింది. పాడైన లింకులు తీసేశాను. చైన్ పొట్టిదైంది కాబట్టి చిన్న చక్రానికి మార్చాను. వెనక పళ్లచక్రం చిన్నదైన కొద్దీ తొక్కడం బరువు. ముందున్నదంతా ఎత్తే. పంతొమ్మిది.

2.20

మళ్లీ తెగింది.

2.30

ఇక ఏ చక్రానికీ చైన్ చాలదు. పద్నాలుగు కిలోమీటర్లు. సైకిల్ ఇక్కడే వదిలేస్తున్నాను. దేవుడా, కావాలంటే నా కాలు తీసుకో.

మార్చి 9

మొన్న రోడ్డెక్కి పాల ట్యాంకర్ ఆపాను. డ్రైవర్ నన్ను చూసి ముందు నీళ్లు తాగమ్మా అన్నాడు. నేను అరిచాను. పాపం, ఆయనే ఫోన్లు చేశాడు, ఆయనే దారి చెప్పాడు. జీపు బావ దగ్గరికి చేరేసరికి ఏడు దాటింది. ఆస్పత్రికి చేరేసరికి రాత్రి పది.

సర్జన్ బయటికొచ్చి, ఒక్క నాలుగు గంటల ముందు తెచ్చుంటే అన్నాడు.

మోకాలి కింద తీసేశారు.

అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. నా పాదాల మీది బొబ్బలు చూసి ఇంకా ఏడ్చింది. అప్పుడే చెప్పాల్సింది.

మార్చి 14

షాపు తెరవలేదు.

మార్చి 16

ఒకాయన ఫోన్ చేసి, మీ బావగారికి చేసినలాంటి బెల్టు సైకిల్ కావాలన్నాడు. కట్ చేశాను. మళ్లీ చేశాడు. చెయ్యనని చెప్పి, ఆయన్ని ఏవో మాటలు అన్నాను. ఆయనేం చేశాడు పాపం.

మార్చి 22

చెప్పేశాను. అక్క మందులకి వెళ్లింది, గదిలో బావ ఒక్కడే ఉన్నాడు. బెల్టు ముక్క దుప్పటి మీద పెట్టి, ఎక్కడ వంచానో చూపించాను. అట్టపెట్టె మీద ఏం రాసుందో కూడా చెప్పాను.

బావ దాన్ని వేలితో అటూ ఇటూ తడిమాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బావుణ్ణు. నర్సు వచ్చి బీపీ చూసి వెళ్లింది. చివరికి, మీ అక్కకి చెప్పకు అన్నాడు. పోయిన కాలు నాది, ఇప్పుడు చెల్లెలు కూడా దూరమైతే మీ అక్క తట్టుకోలేదు అన్నాడు.

నన్ను క్షమించాడో లేదో అడిగే ధైర్యం లేకపోయింది. వచ్చేస్తుంటే, తలుపు వేసి వెళ్లు అన్నాడు.

ఏప్రిల్ 3

బావ ఇంటికొచ్చాడు. చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ అక్క ఒకటే చెబుతోంది: మా చెల్లి లేకపోతే ఈయన ప్రాణాలతో ఉండేవారు కాదు. ఇవాళ నన్నే చెప్పమంది. చెప్పాను. చైన్ ఎన్నిసార్లు తెగిందో, ఎంత దూరం పరుగెత్తానో. స్కూలు హెడ్‌మాస్టరు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు.

బావ కూడా కొట్టాడు.