మార్చకూడని ప్యాకేజీ

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. మొన్న ఆదివారమే నీ మోకాలి నొప్పి గురించి ఫోన్లో గంటసేపు విన్నాను. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. నేను సగం చెప్పేలోపే మిగతా సగం నువ్వే ఊహించుకుని తీర్పు కూడా చెప్పేస్తావు. కాగితానికి ఆ తొందర ఉండదని రాస్తున్నాను.

నా ఉద్యోగం ఏమిటో ఎన్నిసార్లు చెప్పినా బావతో "ఏవో కంప్యూటర్లు" అనే అంటావు కాబట్టి మళ్ళీ మొదటినుంచీ చెబుతాను. సిటీ బస్సుల తలుపులు తెరిచి మూసే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. రాసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు రాసినదాన్ని ప్యాకేజీగా కట్టి, నంబరు వేసి, గోదాములో పెట్టడం నా పని. ఆ గోదాము మా ఆఫీసులో ఉండదు. క్లౌడ్ అంటారు గానీ, నిజానికి ఎక్కడో ఎవరివో అద్దె కంప్యూటర్లు. పద్నాలుగేళ్ళుగా కాపలా కాస్తున్నా నేను దాన్ని కళ్ళతో చూడలేదు. ఏది ఎవరికివ్వాలి, పాతవాటిని ఎప్పుడు తీసెయ్యాలి, ఎవరు ఏది పట్టుకెళ్ళారు, అన్నీ నేనే చూసుకోవాలి. మందుల షాపులో నువ్వు చేసే పనే అనుకో, తెల్లకోటు ఒక్కటే తక్కువ. ఆఫీసులో నన్ను గోదాము మేడం అంటారు.

ఈ పనిలో పెద్ద కట్టడి ఒకటే. ఒకసారి నంబరు వేసి పెట్టిన ప్యాకేజీని మళ్ళీ ముట్టుకోకూడదు. అందులో ఎంత చిన్న లోపం దొరికినా సరే, కొత్త నంబరుతో కొత్తది పెట్టాలి, పాతది పాతదిగానే ఉండాలి. ఒకే బ్యాచ్ నంబరు మీద రెండు రకాల మాత్రలుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే గోదాముకి ఒక తాళం ఉంటుంది. అది తియ్యగలిగేదాన్ని నేనొక్కదాన్నే.

రెండు నెలల కిందట పెద్ద బస్సులకని 4.2.1 అనే ప్యాకేజీ కట్టాను. మా పరీక్షలాయన దాన్ని మూడు రోజులు పరీక్షించి, బాగుందని సంతకం పెట్టాడు. ఆయన్ని మేమంతా వెనకాల తూనికరాయి అంటాం. యాభై ఆరేళ్ళ మనిషి. తలుపు సరిగ్గా మూసుకుంటోందని తేల్చడానికి మాకు పదిసార్లు చూస్తే చాలు, ఆయనకి మూడు వందల సార్లు చూడాలి. రెండు వందల తొంభై తొమ్మిదో సారి కూడా మొదటిసారి చూసినట్టే చూస్తాడు.

సంతకం అయిన మర్నాడు చూసుకుంటే, ప్యాకేజీలో లైసెన్సు కాగితం పెట్టడం మర్చిపోయాను. ఈ సాఫ్ట్‌వేర్‌ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే, ఎవరూ చదవని కాగితం అది. పద్ధతి ప్రకారం 4.2.2 అని కొత్తది కట్టాలి, ఆయన మళ్ళీ మూడు రోజులు పరీక్షించాలి, బస్సులవాళ్ళు ఆగాలి, నేను మర్చిపోయానని అందరికీ తెలియాలి. ఈ చివరిది నాకు మింగుడుపడలేదు. తాళం తీశాను. కాగితం చేర్చి మళ్ళీ కట్టి, అదే నంబరుతో పాతదాని మీద పెట్టేసి తాళం వేశాను. నాలుగు నిమిషాల పని. అయితే అంతకు కాసేపటి ముందే చిన్న బస్సుల ప్యాకేజీ ఒకటి కట్టాను. అందులోని తలుపుల కొలతలు మార్చకుండానే దీన్ని కట్టేశాను. చూసుకోలేదు.

వారం తర్వాత ఒక ఉదయం, ఆ ప్యాకేజీ ఎక్కించుకున్న రెండు వందల బస్సులు డిపోలోంచి కదల్లేదు. తలుపులు సగం మూసుకుంటాయి, మళ్ళీ తెరుచుకుంటాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సరైన కొలతలతో 4.2.2 కట్టి, అత్యవసరం కాబట్టి మూడు రోజులు ఆగకుండా మధ్యాహ్నానికల్లా పంపాను, బస్సులు కదిలాయి. మర్నాడు మీటింగు పెట్టారు. మేనేజరు అందరి ముందూ 4.2.1 తెరిచి చూపించాడు, లోపల చిన్న బస్సుల కొలతలున్నాయి. కట్టేవాళ్ళు పొరపాటు చెయ్యడం మామూలే, అది పట్టుకోవడానికే కదా పరీక్షలు అన్నాడు. నన్ను ఒక మాట అని వదిలేశాడు. తను చూసినప్పుడు పెద్ద బస్సుల కొలతలే ఉన్నాయని తూనికరాయి అన్నాడు. అప్పుడు మేనేజరు నా వైపు తిరిగి, గోదాములో ఏమైనా మారిందా అని అడిగాడు. నంబరు అదే, తాళం వేసే ఉంది అన్నాను. రెండూ నిజాలే అక్కా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకాన్ని కాను. చేతులు బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాను.

తూనికరాయి తెర మీది కొలతలు మళ్ళీ చదివాడు. "అయితే నేనే పొరబడ్డానేమో" అన్నాడు.

గట్టిగా వాదించి ఉంటే ఒప్పుకునేదాన్నేమో తెలియదు. ఆయన వాదించలేదు. వాళ్ళమ్మగారికి అరవై నిండకుండానే మతిమరుపు వచ్చిందని, చివరికి కొడుకుల్ని కూడా గుర్తుపట్టలేదని ఎప్పుడో క్యాంటీన్లో చెప్పాడు. ఆ మీటింగు తర్వాత తనకీ అదే మొదలైందని నమ్మేశాడు. పరీక్షించిన బస్సునే మళ్ళీ వెళ్ళి చూసి వచ్చేవాడు. కారు నడపడం మానేశాడు. డాక్టరు దగ్గరికి తిరుగుతున్నాడట. ఇప్పుడు సెలవులో ఉన్నాడు. ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తానని రాసిచ్చాడు. ఉన్నది ఉన్నట్టు గుర్తుపెట్టుకున్నది ఆయనొక్కడే. ఆ గుర్తే తప్పని అందరం కలిసి ఆయన్ని నమ్మించాం. అందరం అంటున్నాను చూడు, నేనొక్కదాన్నే.

ఎవరు ఎప్పుడు ఏ ప్యాకేజీ మీద చెయ్యివేశారో గోదాము దానంతటదే రాసుకుంటుంది. ఆ చిట్టా తొంభై రోజులుండి చెరిగిపోతుంది. ఆ గడువు పెట్టింది కూడా నేనే, మూడేళ్ళ కిందట, చోటు కలిసొస్తుందని. ఇవాల్టికి అరవై రెండు రోజులు. ఇంకో ఇరవై ఎనిమిది రోజులు తేలు కుట్టిన దొంగలా ఉంటే చాలు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అనేది కదా అమ్మమ్మ. ఊరుకుందామనే అనుకుంటున్నాను. నీకు చెబితే కొంచెం తేలికపడతానేమోనని రాశాను. ఇంతవరకూ రాశాక చూసుకుంటే తేలికగా ఏమీ లేదు, సిగ్గుగా ఉంది.

నీ చెల్లి

*

అక్కా,

నీ జవాబు అందింది. నాలుగు పేజీల ఉత్తరానికి రెండు లైన్ల జవాబు. "ఇది ఆయనకి రాయాల్సిన ఉత్తరం. చిరునామా తప్పు రాశావు." మోకాలు ఎలా ఉందో కూడా రాయలేదు నువ్వు. రెండు రోజులు నీ మీద కోపంతో గడిపాను. మూడో రోజు కోపానికి ఇంక సాకు దొరకలేదు.

ముందు మేనేజరు గదికి వెళ్ళి చిట్టా తెరిచి చూపించాను. నా పేరు, తారీకు, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకి తాళం తీసినట్టు, ప్యాకేజీ మార్చినట్టు, తాళం వేసినట్టు, మూడు వరసల్లో ఉంది. ఆయన రెండుసార్లు చదివాడు. ఇంకో మూడు వారాలు ఆగి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు కదా అన్నాడు. తిట్టడానికి అన్నాడో, నిజంగానే ఆశ్చర్యపోయాడో నాకు అర్థం కాలేదు. తాళం ఇక నా దగ్గర ఉండదన్నాడు. ఇకమీదట నేను కట్టినవాటిని ఇంకొకరు చూసి గోదాములో పెడతారు. ఉద్యోగం ఉంటుందో లేదో పైవాళ్ళు చెబుతారట.

అక్కణ్ణుంచి నేరుగా తూనికరాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ తలుపు తీసింది. నేను పరామర్శకి వచ్చాననుకుని మెల్లగా మాట్లాడమంది. ఇంటినిండా చీటీలు, అక్కా. సొరుగుల మీద చెంచాలు, కత్తెర, మందులు అని. వంటగది గుమ్మానికి "పొయ్యి ఆర్పావా?" అని. అన్నీ ఆయన చేతిరాతే, కొలబద్ద పెట్టి గీసినట్టు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నా వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, "గోదాము మేడం కదూ" అన్నాడు. నన్ను గుర్తుపట్టినందుకు ఆయన మొహంలో సంతోషం కనిపించింది. అది చూశాక కూర్చోలేకపోయాను, నిలబడే చెప్పాను.

ఆయన ఒకటే అడిగాడు. "నేను సంతకం పెట్టాక మార్చారా, ముందా?"

"పెట్టాకండీ. మర్నాడు."

వాళ్ళావిడ అక్కడే నిలబడి అంతా వింది. వంటగదిలోకి వెళ్ళి చీటీలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ముందుగదిలోకి వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆయన, ఇక మీరు వెళ్ళండి అన్నాడు. క్షమించమని అడుగుదామనే వెళ్ళాను గానీ, అడిగితే ఆయనకి ఇంకో పని పెట్టినట్టవుతుందని అడగలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. తినగలిగినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

మోకాలు సంగతి రాయి.

నీ చెల్లి

*

గోదాము మేడంగారికి,

నమస్కారం. మీరు వచ్చి వెళ్ళి నేటికి ఆరు రోజులు. ఆరోజు మాట్లాడలేకపోయాను, కాబట్టి రాస్తున్నాను.

మీకు తెలియని విషయం ఒకటి ఉంది. ప్రతి ప్యాకేజీకీ వేలిముద్ర లాంటి పొడుగాటి సంఖ్య ఉంటుందనీ, లోపల ఒక్క అక్షరం మారినా అది మారిపోతుందనీ మీకూ తెలుసు. కానీ ఏది పరీక్షించినా ఆ సంఖ్య నేను నా పుస్తకంలో రాసుకుంటాను. మీటింగు అయిన రోజునే గోదాములో ఉన్నదానితో పోల్చి చూశాను. కలవలేదు. మీ గోదామైనా తప్పు కావాలి, నా రాతైనా తప్పు కావాలి. తాళం వేసే ఉందని మీరన్నారు. పద్నాలుగేళ్ళలో మీరు ఒక్క నంబరు తప్పు వెయ్యగా నేను చూడలేదు. అందుకని నేనే తప్పు రాసుకున్నాననుకుని ఆ పేజీ చింపేశాను. మీ మీద కోపం ఉంది. ఎంత ఉందో ఇంకా కొలవలేదు. ఆ పేజీ చింపినందుకు నా మీద ఉన్న కోపం మాత్రం అంతకంటే ఎక్కువే.

ఉద్యోగం మానేస్తానని రాసిచ్చిన కాగితం వెనక్కి తీసుకున్నాను. సోమవారం నుంచి వస్తాను. మీరు ఉంటారో లేదో మేనేజరు చెప్పలేదు. ఉంచమని నేను చెప్పాను. తప్పు చేసి ఒప్పుకున్న మనిషి కట్టిన ప్యాకేజీని పరీక్షించడం నాకు సులువు.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది వాటి గురించి కాదు. నాకొక తమ్ముడున్నాడు. అమ్మకి జబ్బు బాగా ముదిరినప్పుడు ఎవరి దగ్గర ఉంచుకోవాలన్న విషయంలో మాటా మాటా వచ్చింది. పదకొండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. నాకూ అదే జబ్బు వచ్చిందని నమ్మాక, వాణ్ణి మర్చిపోకముందే ఒకసారి చూడాలని వాడింటికి వెళ్ళాను. చెప్పాను. వాడు నన్ను పట్టుకుని ఏడ్చాడు. అమ్మ విషయంలో తప్పు వాడిదేనన్నాడు, నేను నాదన్నాను. అప్పటినుంచీ రోజూ ఉదయం తొమ్మిదింటికి ఫోను చేస్తాడు. ఇవాళ తారీకెంత, ఏ వారం అని అడుగుతాడు. నేను చెబుతాను. ఆ తర్వాత అరగంట చిన్నప్పటి కబుర్లు.

నాకు ఏ జబ్బూ లేదని ఆరు రోజులుగా నాకు తెలుసు. వాడికి చెప్పలేదు. చెబితే, జాలితో వచ్చినవాడు జాలితోనే వెళ్ళిపోతాడేమో. కావాలని నాటకం ఆడాననుకున్నా అనుకుంటాడు. రెండు నెలలకు పైగా ఆవిడ ఎలా ఊరుకోగలిగిందని మా ఆవిడ మిమ్మల్ని గురించి అడిగింది. వారం కిందటైతే నేనూ అదే అడిగేవాణ్ణి. ఇప్పుడు అడగను. రోజుకొకసారి ఊరుకుంటే చాలని తెలిసింది.

ఈ ఉదయం కూడా ఫోను చేశాడు. "ఏ వారం అన్నయ్యా?" అన్నాడు. "గురువారం రా" అన్నాను. "భేష్" అన్నాడు. అంత సంతోషంగా అన్నాడు, నేను అప్పుడే పుట్టినట్టు.

జబ్బు లేదని చెబుతూ వాడికొక ఉత్తరం రాశాను. కవరులో పెట్టి, అతికించి, చిరునామా కూడా రాశాను. ఈ ఉత్తరం మాత్రం ఇప్పుడే వెళ్ళి పోస్టు చేస్తున్నాను. అది ఇంకా బల్ల మీదే ఉంది.

ఇట్లు,
తూనికరాయి
ఆ పేరు మీరంతా పెట్టారని నాకు మొదటినుంచీ తెలుసు.