వందకి పది పాళ్లు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఒరేయ్, కొంప మునిగింది! డాక్టరుగారికి ఎపాక్సీ జిగురు అచ్చులో పోసి చేసిన భోజనాల బల్ల, గుమ్మానికి తగిలీ తగలగానే అద్దంలా పగిలింది. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ చెడితే వర్క్‌షాపు అమ్మించేస్తానని మీ అత్తయ్య ఒట్టేసింది. ఎపాక్సీ ల్యాబులో ఉద్యోగం వెలగబెడుతున్నావుగా, దారి చెప్పు.

మీ మామయ్య

తా.క. ఒట్టు నా నెత్తి మీద చెయ్యి పెట్టే వేసింది.

*

మామయ్యకి నమస్కారాలు.

ఉత్తి ఎపాక్సీ గట్టిదే కానీ మొండిది. వంగమంటే విరుగుతుంది. వంగే గుణం తెచ్చే ద్రవం పంపుతున్నాను. వంద పాళ్ల ఎపాక్సీకి పది చాలు. ఎక్కువైతే పగలదు గానీ బలం తగ్గుతుంది, వేడికి మెత్తబడుతుంది. రెండు నమూనా ముక్కలు కూడా పెట్టాను. ఒకదాంట్లో పది పాళ్లు, రెండోదాంట్లో నలభై.

మీ మేనల్లుడు

తా.క. అత్తయ్య చెయ్యి తీసిందా?

*

అల్లుడికి ఆశీస్సులు.

నీ పది పాళ్ల ముక్కని వైస్‌లో బిగించి వంచితే టక్కున విరిగింది. నలభైది రెండు కొసలూ కలిపినా చెక్కుచెదరలేదు! సుత్తితో కొడితే సుత్తే ఎగిరొచ్చి నా నుదురు బొప్పి కట్టింది. సొంత మామ దగ్గరా పిసినారితనం? నలభై పోసేశాను. రేపే బల్ల పంపుతున్నాను.

మీ మామయ్య

తా.క. బొప్పి చూసి మీ అత్తయ్య మొదటిసారి ఎపాక్సీని మెచ్చుకుంది.

*

మామయ్యా!

నమస్కారాలు తర్వాత. ముందు ఆ బల్ల ఆపండి! విరగకపోవడం వేరు, బరువు మొయ్యడం వేరు. దాని మీద ఎవరినీ మోచెయ్యి కూడా ఆనించనివ్వకండి. వేడి గిన్నె మాట అసలు ఎత్తొద్దు.

గుండె దడతో, మేనల్లుడు

తా.క. ఈ ఉత్తరం ఆలస్యంగా అందేట్టుంటే ముందే తెలియజెయ్యండి.

*

ఒరేయ్ అల్లుడూ,

బల్ల వెళ్లాక అందింది. డాక్టరుగారింట్లో విందు. మమ్మల్నీ పిలిచారు. పొగలు కక్కే గిన్నె మధ్యలో పెట్టగానే బల్ల నడుము దిగడం మొదలైంది. కంచాలన్నీ జారుకుంటూ వెళ్లి ఒకచోట గుమిగూడాయి. అయినా బల్ల పగల్లేదు కదా, ఒట్టు చెల్లదంటున్నాను. మీ అత్తయ్య వినకుండా వర్క్‌షాపు తాళాలు లాక్కుంది. ముప్పై ఏళ్ల బతుకురా అది!

మీ మామయ్య

తా.క. గిన్నె ఇంకా ఊడి రాలేదు.

*

అల్లుడికి అత్తయ్య దీవెనలు.

మీ మామయ్య ఇంకా తేరుకోలేదు, అందుకే నేను రాస్తున్నాను. నీ ఉత్తరాలు నేనూ చదివాను. వందకి పది పాళ్లు కొలిచి కొత్త బల్ల నేనే పోశాను. డాక్టరుగారు గుద్ది చూశారు, వేడి గిన్నె పెట్టి చూశారు, ఆఖరికి తనే ఎక్కి నిలబడ్డారు. ఇంకో రెండు బల్లలు కావాలన్నారు. అయినా ఒట్టు ఒట్టే కదా. వర్క్‌షాపు అమ్మించేశాను.

కొన్నది నేనే.

మీ అత్తయ్య

తా.క. మీ మామయ్యని పనిలో పెట్టుకున్నాను. కలిపే పని మాత్రం ఇవ్వలేదు.