ఒక్కరికి వేసిన దారి

బెడోక్,
11 సెప్టెంబరు 2005, ఆదివారం

చెల్లీ, సత్యవాణీ,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు రాయలేదని కోపగించుకోకు. ఫోను చేద్దామంటే మీ ఇంట్లో ఫోను ముందుగదిలో ఉంటుంది. మాట్లాడేది నీతోనే అయినా వినేది ఇంటిల్లిపాదీ. ఇది అందరూ వినవలసిన సంగతి కాదు. అందుకే మలేషియాలో మన పేరాక్ తోటబడిలో నేర్చిన తెలుగుతో తంటాలు పడుతున్నాను.

మా టికెట్ల ఆఫీసు సంగతి నీకు తెలుసు. నేను చేరినప్పుడు నాలుగు బల్లలు ఉండేవి. ఇప్పుడు నాదొక్కటే, లోపల యజమాని దినేష్ గది. కంప్యూటర్ ఉద్యోగాల వాళ్ళు ఇక్కడ సింగపూర్‌లో వేలకొద్దీ దిగారు. ఊళ్ళు తిరగడం వాళ్ళకు సరదా. కానీ టికెట్లు ఎవరికి వాళ్ళే ఇంటర్నెట్‌లో కొనుక్కుంటారు. మా దగ్గరికి వచ్చేది కార్డు లేనివాళ్ళు, కంప్యూటరంటే నమ్మకం లేనివాళ్ళు.

జూలైలో తాహెర్ వచ్చాడు. హైదరాబాద్ వాడు, వన్-నార్త్‌లో కంప్యూటర్ ఉద్యోగం, మా పక్క బ్లాకులోనే ఉంటాడు. భార్య కనీజ్ ఫాతిమా కూడా వచ్చింది. కనీజ్ చెల్లెలు సహర్ బ్రస్సెల్స్‌లో ఉంటుంది, సెప్టెంబరు ఇరవైకి కాన్పు. అక్కడ ఆమెకు మరో ఆడదిక్కు లేదు. వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేక రాలేదట. అందుకని కనీజ్ వెళ్ళాలి. ఎలాగూ వెళుతున్నాం కదా, దారిలో నాలుగు ఊళ్ళు చూద్దామని తాహెర్ ఆలోచన.

"ఆంటీ, సింగపూర్ నుంచి పోను రాను టికెట్ మీరు చెయ్యండి. లోపల తిరిగేది మొత్తం నేనే చూసుకున్న. దీనికన్నా తక్కువల ఎవ్వరు చెయ్యలేరు" అని ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"చెయ్యలేరని ఎవరు చెప్పారు?" అన్నాను.

కనీజ్ నవ్వింది. "గట్ల అడగండి ఆంటీ. పది రోజుల సంది కంప్యూటర్‌తోనే కాపురం చేస్తున్నడు. నేను అన్నం పెట్టిన్నా లేదా గూడ తెల్వదు ఆయనకు."

నాకు పట్టుదల వచ్చింది. మర్నాడు రమ్మని చెప్పి నా దారి వాళ్ళకు టైపు చేసి ఇచ్చాను. రోములో దిగడం, రైల్లో ఫ్లోరెన్స్, అక్కడికి దగ్గరలో ఉన్న పీసా నుంచి చవక విమానంలో లండన్, లండన్ నుంచి సముద్రం కింద వెళ్ళే రైల్లో బ్రస్సెల్స్. తిన్నగా వెళ్ళడం కంటే లండన్ మీదుగా చుట్టి వెళ్ళడమే చవక. వినడానికి తిక్కగా ఉంటుంది, టికెట్ల ధరలు అలాగే ఉంటాయి. అతని లెక్క కంటే నా లెక్క నూట ముప్పై డాలర్లు తగ్గింది. తాహెర్ కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఆంటీ, మీరు మా ఆఫీసుల ఉండాలె" అన్నాడు. ఆ మాట విని ఆ రోజంతా ఏదో సాధించినట్టు తిరిగాను.

వాళ్ళు బుధవారం వెళ్ళారు. నిన్న ఫైలు సర్దుతుంటే వాళ్ళ వీసాల నకళ్ళు కనబడ్డాయి. నా దారి చేతికి రాకముందే, తన పాత కాగితం చూపించి తాహెర్ ఇటలీ వీసా తీసుకున్నాడు. లండన్ కోసం బ్రిటిష్ వాళ్ళది తర్వాత తీసుకున్నాడు. ఇటలీ వీసాలో ఎన్నిసార్లు ప్రవేశం అన్నచోట "ఒకటి" అని ఉంది. ఆ ఒక్క వీసాతో ఇటలీ, జర్మనీ, బెల్జియం అన్నీ తిరగొచ్చు. కానీ లండన్ ఆ లెక్కలోకి రాదు. లండన్‌లో దిగారంటే బయటికి వచ్చేసినట్టే. మళ్ళీ లోపలికి అడుగు పెట్టనివ్వరు. అక్కడ కొత్త వీసాకు పెట్టుకుంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. సహర్ కాన్పు ఇరవైకి.

వాళ్ళ లండన్ విమానం బుధవారం. అంటే ఇంకా మూడు రోజులుంది.

చెప్పడానికి ఇంత ఆలోచనేమిటని నువ్వు అనుకుంటావు. పునీత కూడా అదే అంది. "మా, జస్ట్ టెల్ దెమ్ లా. వాట్ ఈజ్ దేర్ టు థింక్?" పాలిటెక్నిక్‌లో చదివే కూతురికి అన్నీ తేలికే. చెబితే ఈ దారి ఎక్కడిదని అడుగుతారు. దినేష్ అడుగుతాడు. దానికి జవాబు నా దగ్గర ఉంది, నోట్లోంచి రావడం లేదు. చెప్పకుండా ఉండలేనని తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. బీరువా తీసి ఎందుకు తీశానో మరిచిపోయి నిలబడుతున్నాను.

నీ అక్క,
రాజామణి


బెడోక్,
15 సెప్టెంబరు 2005

సత్యవాణికి,

ముందు వాళ్ళ సంగతి రాస్తాను. సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఫోను చేశాను. అక్కడ ఉదయం తొమ్మిది. ఫ్లోరెన్స్‌లో వాళ్ళు దిగిన చిన్న సత్రం నంబరు నా దగ్గర ఉంది. యజమానురాలు ఏదో భాషలో అరిచి వెళ్ళి తాహెర్‌ను పిలిచింది.

నేను తిన్నగా చెప్పేశాను.

"అంటే ఆంటీ, లండన్ల దిగినంక మేము మళ్ళ ఇటు రాలేమా?"

"రాలేవు."

"మీ ప్లాన్‌ల అన్నీ ఉన్నయ్ ఆంటీ. ఏ స్టేషన్ల నీళ్ళు దొరుకుతయో గూడ రాసినారు. గిదొక్కటే లేదు."

కనీజ్ ఫోను లాక్కుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "సహర్ ఒక్కతే ఉన్నది ఆంటీ. కంప్యూటర్‌ను నమ్మకుండ మిమ్మల్ని నమ్మినం" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

రెండు గంటల్లో మళ్ళీ చేస్తానని పెట్టేశాను. అక్కడి నుంచి బ్రస్సెల్స్‌కు తిన్నగా వెళ్ళే విమానాలు చూశాను. ఆ వారం చవక సీట్లు లేవు, మిగిలినవి ముట్టుకునేలా లేవు. రైల్లో దగ్గరి దారి స్విట్జర్లాండ్ మీదుగా పోతుంది. ఆ దేశానికి వేరే వీసా కావాలి. అందుకని యూరప్ రైళ్ళ లావు పుస్తకం తీసి స్విట్జర్లాండ్‌ను తప్పించి వెతికాను. ఫ్లోరెన్స్‌లో మ్యూనిక్ బండి ఎక్కితే ఆస్ట్రియా మీదుగా తెల్లవారేసరికి మ్యూనిక్‌లో దిగుతారు. అక్కడ మారి కొలోన్, కొలోన్‌లో మారి బ్రస్సెల్స్. మూడు రైళ్ళు, ఎక్కడా పాస్‌పోర్టు గుమ్మం దాటనక్కర్లేదు. మళ్ళీ ఫోను చేసి బళ్ళ వేళలు చదువుతుంటే తాహెర్ రాసుకున్నాడు. నిన్న సాయంత్రం చేరారట. పోయిన లండన్ టికెట్ల సంగతి నేను ఎత్తబోతే వినిపించుకోలేదు.

దినేష్ గొంతు పెంచలేదు. "ఆంటీ, నైన్ ఇయర్స్ మీరు ఒక్క మిస్టేక్ చెయ్యలేదు. హౌ కమ్?" అన్నాడు. వయసు మీద పడుతోందన్నాను. అది అబద్ధం.

నిజం నీకు రాస్తున్నాను. ఆ దారి నేను వాళ్ళ కోసం వేసింది కాదు. నా కోసం వేసుకున్నది. ఆఫీసులో చేరిన ఏడాది, అన్నం తినే వేళల్లో ఆ లావు పుస్తకం చదవడం మొదలుపెట్టాను. ఒక నోటుబుక్కులో దారి రాసుకున్నాను. ధరలు మారినప్పుడల్లా కొట్టేసి దిద్దాను. చవక విమానాలు వచ్చాక మొత్తం తిరగరాశాను. తొమ్మిదేళ్ళు. నాది మలేషియా పాస్‌పోర్టు. నాకు ఇటలీకీ వీసా అక్కర్లేదు, లండన్‌కూ అక్కర్లేదు. అందుకే ఆ నోటుబుక్కులో వీసా అన్న మాటే లేదు. తాహెర్ సవాలు చేసినట్టు మాట్లాడేసరికి ఆ పుస్తకంలోది ఉన్నదున్నట్టు దింపేశాను. అతని పాస్‌పోర్టు వేరే అని తట్టలేదు. నా దారి ఎవరో ఒకరు నడిచి చూస్తారని ఆశపడ్డానేమో.

ఇంకొకటి. ఆ లెక్క మొదటినుంచీ ఒక్క మనిషికి. ఇద్దరికి గది తీసుకుంటే తలకు తక్కువ పడుతుందని నాకంటే ఎవరికి తెలుసు? అయినా ఒక్కరికే వేశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. మీ బావ మంచివాడు కాడని కాదు. జురాంగ్ ఐలాండ్ ప్లాంటులో ఇరవై రెండేళ్ళుగా షిఫ్టులు చేస్తున్నాడు. సెలవు దొరికితే పడుకుంటాడు. ఎక్కడికైనా వెళదామంటే "ఏటుంది అక్కడ?" అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం విసుగొచ్చి ఒక్కదాన్నే వెళ్ళేట్టు రాసుకున్నానేమో. వెళ్ళాలని రాసుకున్నానో, రాసుకోవడం కోసమే రాసుకున్నానో అది కూడా తెలియదు.

సోమవారం సాయంత్రం ఆ నోటుబుక్కు ఇంటికి తెచ్చాను, అందులో రాసిన వాళ్ళ కొత్త దారి సరిచూడటానికి. బల్ల మీద వదిలి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి మీ బావ కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు కదా, మొదటి పేజీలోనే ఉన్నాడు.

"ఏటిది?"

"ఆఫీసు పని."

"ఆఫీసు పనిలో సత్యవాణి పేరెందుకుంది?"

మొదటి పేజీలో పైన "మనిషి: 1" అని ఉంటుంది. దాని కింద, ఏదైనా జరిగితే తెలపవలసినవారు అని నీ పేరు, మీ తోట చిరునామా. టికెట్లు రాసే అలవాటు, అన్నిటికీ ఆ గడి ఉంటుంది. మీ బావ పుస్తకం మూసి, కళ్ళజోడు పెట్టెలో పెట్టి, షిఫ్టుకు వెళ్ళిపోయాడు. ఇవాళ్టికి మూడు రోజులు. కూర బాగుందంటాడు, బస్సు ఆలస్యమైందంటాడు. ఆ మాట మాత్రం ఎత్తడు. కోపమో కాదో పోల్చుకోలేకపోతున్నాను. కోపమైతే ఏదో ఒకటి అనాలి కదా.

అక్క,
రాజామణి


బెడోక్,
23 అక్టోబరు 2005

సత్యవాణీ,

నీ ఉత్తరంలో ఒకే మాట రాశావు: "నన్నైనా కలిపి ఇద్దరికి వెయ్యలేకపోయావా?" ఎగతాళికి రాశావో, మనసు కష్టపెట్టుకుని రాశావో తెలియలేదు. దానికి జవాబు చివర్లో ఉంటుంది, కొంతే.

కనీజ్, తాహెర్ పోయిన వారం వచ్చారు. సహర్‌కు ఆడపిల్ల పుట్టింది. పేరు అలీజా. కాన్పు గదిలో కనీజ్ ఉందట. పెనిమిటి చెయ్యి వదిలేసి అక్క చెయ్యే పట్టుకుందని కనీజ్ గొప్పగా చెప్పింది. నా కోసం చాక్లెట్ల డబ్బా తెచ్చింది. దానితోపాటు నేను టైపు చేసి ఇచ్చిన కాగితాలు తిరిగి ఇచ్చింది. అంచుల నిండా పెన్సిల్‌తో రాసి ఉంది, తాహెర్ రాత.

"ఏమనుకోవద్దు ఆంటీ, సరిచేసిన. పీసా స్టేషన్ చూడనేలేదు, అది మీరే చూసుకోవాలె."

"నేనా?"

"మరి ఎవరు?" అంది కనీజ్. "మాకు అర్థం కాదా ఆంటీ? ఫ్లోరెన్స్ చర్చి మెట్లు మోకాళ్ళకు మంచివి కావు అని రాసినారు. మాకేం మోకాళ్ళ నొప్పులు?"

దినేష్ లోపలినుంచి పగలబడి నవ్వాడు. నేను కాగితాలు సొరుగులో పడేశాను. కాసేపటికి తీసి చదివాను. రోము స్టేషన్లో మరుగుదొడ్డికి చిల్లర నాణేలు ఉండాలట. సత్రం ఆమె రెండో అంతస్తు అంటే మన లెక్కలో మూడోది. మ్యూనిక్‌లో బండి మారడానికి నేను ఫోనులో చెప్పిన పన్నెండు నిమిషాలు చాలవు, పరిగెత్తాలి. తొమ్మిదేళ్ళు దిద్దినా ఇవేవీ నాకు తెలియలేదు.

పోయిన ఆదివారం మీ బావ, నేను కింద హాకర్ సెంటర్‌కు కాఫీకి వెళ్ళాం. రుమాలు పెట్టి, ఈ బల్ల మాదని చోప్ చేసి, రెండు కోపీలు తెచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాక అన్నాడు, "ఎప్పుడెల్తావు?"

నెల రోజులుగా ఆ మాట కోసం భయపడుతున్నాను. "నిన్ను వద్దనుకుని వెయ్యలేదు" అన్నాను.

"ఒక్కదానివే ఎల్లడం నాకేటి లేదు. నానొస్తే పెతి ఊర్లోనూ అన్నం ఎక్కడ దొరుకుద్దని అడుగుతాను. నీకు విసుగు, నాకు ఆకలి."

"మరి నెల నుంచీ మాట్లాడవేం?"

కాఫీ చల్లారే దాకా చెంచా తిప్పుతూనే ఉన్నాడు. "నీకేటైనా అయితే ఆ దేశపోల్లు పేరాక్‌లో తోటకి కబురెట్టాలా? ఈ ఇంట్లో ఉన్నోడికి కాదా? సత్యవాణి నాకు ఫోన్ చేసి చెప్పాలా?"

ఆ "ఒకటి" చూసి బాధపడ్డాడని నేననుకున్నాను. దాని కోసం ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో. అతను ఆ అంకె దగ్గర ఆగనేలేదు. దాని కింది గడి దగ్గర ఆగాడు. నీ పేరు ఎందుకు రాశానో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. షిఫ్టులో ఉంటాడు, ఫోను ఎత్తడని రాశాను కాబోలు. వెళ్ళమన్నాడు కదా, సంతోషించాలి. తీరా వెళ్ళమనేసరికి నడుస్తున్న బండిలోంచి దించేసినట్టయింది. వద్దంటే పోట్లాడొచ్చు, ఇప్పుడు వెళ్ళాలి.

నీ ప్రశ్నకు జవాబు. ఈసారి ఒక్కదాన్నే వెళుతున్నాను. అది ఎలా ఉంటుందో చూసి రావాలి. నచ్చితే వచ్చే ఏడు నీతో, నచ్చకపోతే ఇక ఎవరినీ రమ్మని అడగను. నీ పాస్‌పోర్టు గడువు మాత్రం చూసుకో.

మార్చి ఆరున బయలుదేరతాను, చలికాలపు తక్కువ ధరలు అప్పటికింకా ఉంటాయి. పీసా నుంచి లండన్‌కే. నాకు ఎన్నిసార్లయినా ప్రవేశం ఉంది. నిన్న దినేష్ ఎదురుగా ప్రయాణ బీమా ఫారం నింపాను. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు. తెలపవలసినవారు అన్న గడిలో చెయ్యి అలవాటుగా నీ పేరు రాసేసింది. చూసుకుని కొట్టేశాను. పైన యర్రయ్య అని రాశాను, సంబంధం: భర్త.

"కొట్టివేతలుంటే కంపెనీ ఒప్పుకోదు ఆంటీ" అని దినేష్ ఆ ఫారం చింపేసి కొత్తది ఇచ్చాడు.

మొదటినుంచి మళ్ళీ రాశాను. నువ్వేమీ అనుకోకు.

అక్క,
రాజామణి