చెయ్యెత్తితే కూర్చునే కుక్క

ఆదివారం

మందవాళ్లు మాచర్ల రోడ్డు మీద వదిలేసి పోయిన గొర్రెల కుక్కను ఇంటికి తెచ్చుకుని పది రోజులైంది. జొన్నపిండిలో కోడి కార్జం కలిపి నేనే బిస్కెట్లు కాలుస్తున్నాను. ఒకటి పట్టుకుని చెయ్యెత్తితే చాలు, కూర్చుంటోంది. ఎంత తొందరగా నేర్చుకుందోనని వీధంతా చెప్పుకున్నాను.

ఈ సాయంత్రం, ఒకప్పుడు మందలు తోలిన కోటయ్య మామ చూశాడు. "కూర్చోటం కాదమ్మాయ్ అది. కర్ర లేచిందనుకొని ముడుచుకుంటంది" అన్నాడు.

నాకు ముఖం చెల్లలేదు. ఇన్నాళ్లూ దాని భయానికా నేను బిస్కెట్లు పెట్టింది?

మామ వెళ్లాక బిస్కెట్టు నేల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని దూరంగా కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది. నిలబడే తిన్నది.