కట్టె ఓడలో ఎవరూ కింద పడుకోరు

పోదనూరు,
ఆదివారం సాయంత్రం

అక్క గురువమ్మకు తమ్ముడు వెంకటసామి దండం పెట్టి రాసేది.

నేను ఇక్కడ బతికే ఉన్నాను. మోకాళ్లు తప్ప మిగతావన్నీ పనిచేస్తున్నాయి. అక్కడ నువ్వు, బావ, ఆవు, దూడ అందరూ సుఖమేనా? ఆపరేషన్ అయిన కన్నుతోనే చదువు, రెండో కంటిని అలసట పెట్టకు. నా అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయి. వేలు పెట్టి నిదానంగా చదువుకో.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావు. నువ్వు ఫోన్‌ను స్పీకర్‌లో పెడతావు, మీ వీధంతా వింటుంది. ఇక్కడ నేను మాట్లాడితే ఈ ఇల్లంతా వింటుంది. తెలుగు అక్షరం ఈ ఇంట్లో నాకు తప్ప రాదు, ఆ ఇంట్లో నీకు తప్ప రాదు. మనవాళ్లు మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. అందుకే రాస్తున్నాను.

పోయిన నెల ఫోన్‌లో "మీ వాకిటి తిన్నె ఖాళీ చెయ్యక్కా, పడుకోను వచ్చేస్తా ఉండా" అన్నాను. "ఏమిటికిరా? కోడలు ఏమన్నా అన్నదా?" అని నువ్వు అడగగానే పెట్టేశాను. జవాబు ఇదిగో. పూర్తిగా చదివాకే తిన్నె మీది మూటలు కదిలించు.

ఈ ఊరు మన తిరుమంగళం పక్కలాంటిది కాదు. పాలక్కాడు కనుమ గాలి సాయంత్రానికి ఎముకల్లోకి దూరుతుంది. నీళ్లు తియ్యగా ఉంటాయి, అది ఒప్పుకోవాలి. ప్రతి కూరలోనూ కొబ్బరి. కోడలు సుమతి వంట చెడ్డది కాదు, కానీ సజ్జ సంగటి అడిగితే నవ్వుతుంది. కొడుకు శీను మోటారు కంపెనీ నుంచి వచ్చేసరికి వాడి ముఖం చూస్తే నాకే జాలి వేస్తుంది, ఇక మాట్లాడేదేముంది. నీ మరదలు పోయాక ఇక్కడికి వచ్చాను. వచ్చిన కొన్ని నెలలకే అలసిపోయాను అక్కా. పని చేసి అలసిపోవడం నాకు తెలుసు. ఊరికే కూర్చుని అలసిపోవడం ఇప్పుడే నేర్చుకున్నాను.

నాకు లోపల ఒక గది ఇచ్చారు. మంచం, పరుపు ఉన్నాయి, తలుపు వేస్తే చీమ చప్పుడు కూడా రాదు. మంచి గదే. నేను చాప చంకన పెట్టుకుని ముందు వసారాలోకి వచ్చేశాను. స్టేషన్ దగ్గరే కాబట్టి గూడ్సు పెట్టెలు తగిలించేటప్పుడు ధడేల్‌మని నేల అదురుతుంది. ఆ సమయానికి నిలబడి ఉంటే నా మోకాళ్లు వాటంతట అవే వంగుతాయి. సుమతి అది చూసి నొప్పి అనుకుని ఏదో తైలం తెచ్చి రాస్తుంది. కంపు తైలం. రాయించుకున్నాను.

పక్కింటివాళ్లు ఊరుకోరు కదా. మామను వాకిట్లో పడేశారని మాట పుట్టింది. శీను వచ్చి, "నాయనా, లోపల పడుకో. లేదంటే గురువమ్మత్త ఊరికే పో. ఈ మాటలు పడలేము" అన్నాడు. వాడు కోపంగా అనలేదు, విసిగిపోయి అన్నాడు. ఆ రోజే నీకు ఫోన్ చేశాను.

ఆ ఆదివారం సుమతి నాయన వచ్చాడు. తిరుప్పూరులో బనియన్ల కంపెనీ ఆయనది. భోజనం దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఏం బావా, నేవీ మనిషి గదా మీరు. మీ ఓడ ఎన్ని ఓడల్ని ముంచింది?"

"ఒకటీ లేదు."

"విమానం ఏమన్నా?"

"లేదు."

"అయితే యుద్ధంలో ఏమి చేసినారు, సుమ్మా, ఊరికే తిని వచ్చినారా?"

"సముద్రం చిమ్మినాము."

"చీపురుతోనా?" అని ఆయన నవ్వాడు. శీనుగాడూ నవ్వాడు. "అందుకే వాకిట్లో పడుకుంటా ఉండారు. పొద్దున్నే చిమ్మను సులువు!"

నేను చెయ్యి కడుక్కుని లేచాను.

ఆయన పోయాక సుమతి వసారాలో నా ఎదురుగా కూర్చుని సాంబారు ఉల్లిపాయలు ఒలుస్తూ అడిగింది. "మామా, మా నాయన మాట వదిలెయ్యండి. నేను ఏమి తక్కువ చేసినా? అది చెప్పండి." కళ్లలో నీళ్లు. ఉల్లిపాయలంట.

అప్పుడు చెప్పాను. నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. అడిగినా చెప్పేవాణ్ని కాదు.

మా ఓడ యుద్ధ ఓడే, కానీ కట్టె ఓడ. ఇనుము దగ్గరికొస్తే పేలే బాంబులు ఉంటాయి, వాటిని మైన్లంటారు, నీళ్లలో దాచిపెడతారు. అందుకే మాకు కట్టె. పెద్ద ఓడలు రేవుకు వచ్చే ముందు మేము పోవాలి. వెనకాల కోసే తీగ ఈడ్చుకుంటూ, చేను దున్నినట్టు చాలు పక్కన చాలు. మైన్‌ను అడుగుకు కట్టిన మోకును తీగ కోస్తే అది బానలాగ పైకి తేలుతుంది, దూరం నుంచి తుపాకీతో కాలుస్తాం. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిందని ఊళ్లలో మిఠాయిలు పంచుకున్నాక మా పని మొదలైంది. శత్రువు వెళ్లిపోయాడు. వాడు వదిలినవి మాత్రం నీళ్లలోనే ఉన్నాయి.

ఆ నీళ్లలో ఒక కట్టుబాటు. డ్యూటీ లేనివాడు ఎవడూ ఓడ లోపల ఉండకూడదు. తిండి, పడక అన్నీ పైన డెక్కు మీదే. అడుగున పేలితే నేల ఎగిరి కాళ్లు విరగ్గొడుతుంది. ఇంజను దగ్గర ఉండక తప్పనివాళ్లు మోకాళ్లు వంచి నిలబడాలి.

భీమిలి అప్పన్న నీకు గుర్తే కదా, నా పాత ఉత్తరాల్లో ఉండేవాడు. "మాటాడేది తెలుగు, రాసేది అరవమా? సిగ్గు నేదేటిరా?" అని తిట్టి, సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించినవాడు. అవే నేను సెలవులో వచ్చి నీకు నేర్పాను. ఒక మధ్యాహ్నం ఇంజను దగ్గర అతని డ్యూటీ. తీగలో చిక్కిన మైన్ ఓడ వెనకే పేలింది. పైన ఉన్న మేము తడిసిపోయాం, అంతే. ఓడకు చిల్లు కూడా పడలేదు. అప్పన్నను పైకి తెచ్చినప్పుడు రెండు కాళ్లూ మోకాళ్ల కింద వేరే దిక్కుకు తిరిగి ఉన్నాయి. "వంచే ఉన్నాన్రా సామీ, ఒట్టు, వంచే ఉన్నాను" అంటూనే ఉన్నాడు.

బతికాడు. కర్రల మీద నడిచాడు. పోయేదాకా నాకు ఏటా ఉత్తరం రాశాడు.

మర్నాడు అదే నీళ్లలో మళ్లీ చాలు పట్టాం. కొన్నాళ్లకు బియ్యం ఓడలు మా వెనకాలే రేవులోకి పోయాయి. ఎవడూ మాకు చెయ్యి ఊపలేదు. వాళ్లకు కనిపించింది ఖాళీ నీళ్లే, ఎందుకు ఊపుతారు? అదీ మా ఓడ చరిత్ర. ముసలిదయ్యాక విప్పేశారు. పాత ఇనుము కొనేవాళ్లు కూడా పెద్దగా ఆశపడలేదంట, కట్టె కదా.

సుమతి చాలాసేపు ఒలిచిన ఉల్లిపాయనే ఒలిచింది. తర్వాత అడిగింది, "అయితే మామా, మేమంతా లోపలే పడుకుంటా ఉండామే?"

"మీరు పడుకోండమ్మా," అన్నాను. "ముందర నేను ఉండా గదా."

ఆమె లేచి లోపలికి పోయింది.

ఈ రోజు ఆమె నాయన మళ్లీ వచ్చాడు. గడపలోనే, "ఇంకా వాకిట్లోనేనా బావా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు సుమతి అందుకుంది.

"నాయనా, మీ కంపెనీలో చెకింగ్‌లో కూర్చునే ఆడవాళ్లు ఎన్ని బనియన్లు కుట్టినారు?"

"వాళ్లు ఎందుకు కుడతారు? ఓటి సరుకు బయటికి పోకుండా చూసేది వాళ్ల పని."

"ఒక్కటీ కుట్టనోళ్లకు సుమ్మానా కూడు పెడతా ఉండావు? పోయి చెప్పు వాళ్లకు, చీపురు పట్టుకోమని."

ఆయన చెప్పులు విప్పి లోపలికి పోయాడు. శీను ఈసారి నవ్వలేదు, తల గోక్కున్నాడు. నాకు నవ్వు వచ్చింది, మింగాను.

మధ్యాహ్నం కరెంటు పనివాణ్ని పిలిపించి వసారా కప్పుకు ఫ్యాన్ పెట్టించింది. నన్ను అడగలేదు. "ఆడ దోమలు మామా," అంది, అంతే. ఏదో పాత ఫ్యాన్, కటకటమని ఇంజను రూములాగ మోగుతుంది. ఆపమని నేను అనలేదు. దాని కింద కూర్చునే ఇది రాస్తున్నాను, కళ్లు వాలిపోతున్నాయి.

బావకు నా దండాలు చెప్పు, చుట్టలు తగ్గించమను. ఎవరన్నా ఇటు వస్తే మజ్జిగ మిరపకాయలు, కొంచెం సజ్జలు పంపు. సుమతి సంగటి కలపడం నేర్చుకుంటానంది. పెద్దదానివి, అక్కడి నుంచే నన్ను దీవించు, ఈ కాళ్లు ఇంకొంత కాలం వంగి లేచేటట్టు.

తిన్నె మీది మూటలు అట్లాగే ఉండనీ.

నీ తమ్ముడు,
వెంకటసామి