కొలిమి సినిమాలో అమ్మ గొంతు

అక్టోబర్ 1, 2003. ఉదయం 9

నాన్న రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే అలమర మీది టేపుల పెట్టె దించాడు. కర్టెన్లు మూశాం. అక్టోబర్ వచ్చిందంటే మా ఇంట్లో ఇదే వరస. నెలాఖరున వచ్చే దయ్యాల పండగ హాలోవీన్ దాకా రోజుకొక దయ్యం సినిమా, పొద్దున్నే, కార్న్‌ఫ్లేక్స్ తింటూ. అన్నీ చవకబారువే. వీడియో షాపు మూసేసినప్పుడు నాన్న తెచ్చిపెట్టినవి. ఇవాళ్టి దాంట్లో శవం చేతికి వాచీ ఉంది. పాపం, దానికీ షిఫ్ట్ ఉన్నట్టుందే అన్నాడు నాన్న.

అక్టోబర్ 2

31న చూసేది మాత్రం ఏటా ఒకటే. ‘కొలిమి మనిషి’. 1984 వేసవిలో మా ఊళ్ళోనే, మూతపడ్డ ఉక్కు మిల్లులో తీశారు. అందులో అమ్మ ఉంది. బేకరీలో బన్నులు అమ్ముతున్న అమ్మ దగ్గరికొచ్చి, అరవడం వచ్చా అని అడిగి తీసుకుపోయారట. నలభై ఒకటో నిమిషంలో వస్తుంది. ఎవరక్కడ, డెన్నీ, నువ్వేనా, ఏడిపించకు, పొద్దున్నే నాకు పనుంది అంటుంది. తర్వాత కేక. నలభై మూడో నిమిషానికి చచ్చిపోతుంది.

ఆ మరుసటి చలికాలం మంచు మీద కారు జారి నిజంగానే పోయింది. అప్పటికి నాకు రెండేళ్ళు. ఇంట్లో ఆరు ఫోటోలున్నాయి. గొంతు ఆ టేపులో తప్ప ఎక్కడా లేదు. ఆ టేపు కూడా అరిగిపోతోంది. పోయినేడు కేక మధ్యలో బరబరమని మోత వచ్చింది.

అక్టోబర్ 6

ఈసారి కాలేజీలో సౌండ్ రికార్డింగ్ క్లాసు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇంట్లో చెప్పలేదు. మా వాళ్ళలో హైస్కూలు దాటింది నేనొక్కదాన్నే కాబట్టి నేనేం చదవాలో అందరూ చెబుతారు. నాన్న వాళ్ళక్క బెర్నిస్ అత్త పక్క వాటాలోనే ఉంటుంది. ఏమే ప్రొఫెసరమ్మా, చప్పుళ్ళు పట్టి సీసాలో పోస్తే ఎవడు ఉద్యోగమిస్తాడే, నర్సు కోర్సుకి ఏం రోగం అంది. దాని జోలికెళ్ళకక్కా, దానికి తెలిసింది నీకూ నాకూ ఏం తెలుసు అన్నాడు నాన్న.

టేపులోంచి అమ్మ గొంతును మాత్రం విడదీసి, శుభ్రం చేసి, 31న నాన్నకు వినిపించాలి. అందుకే ఆ క్లాసు.

అక్టోబర్ 10

ఇవాళ టేపు తీసుకెళ్ళాను. మా టీచర్ ఓడెల్ గారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నారు. మూడోసారి నాకు పెట్టారు. అంత పెద్ద మిల్లులో అరిస్తే గోడలు తిరిగి అరవాలి కదమ్మా, ఏదీ ఆ ప్రతిధ్వని అన్నారు. పెదవులు చూడమన్నారు. అమ్మ నోరు మూసుకున్నాక కూడా మాట ఇంకొంచెం మిగిలి ఉంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ కనబడలేదు.

తర్వాత మొదట్లో చచ్చిపోయే అమ్మాయి మాట వినిపించారు. తర్వాత వంటింటి ముసలమ్మది. తర్వాత మళ్ళీ అమ్మది.

మూడూ ఒకే మనిషి.

ఇంత తక్కువ డబ్బుతో తీసిన సినిమాల్లో ఇది మామూలేనమ్మా అన్నారు. ఆయన నా వైపు చూడలేదు.

అక్టోబర్ 11

చదువుకోకపోతేనే బాగుండేది.

అక్టోబర్ 14

ఓడెల్ గారు ఇంకో మాట చెప్పారు. తర్వాత డబ్బింగ్ చేసినా, షూటింగ్‌లో నటుల అసలు మాటలు గుర్తు కోసం మామూలు టేపు ఒకదాని మీద ఎక్కిస్తారట. ఎవరి గరాజులోనో పడి ఉండవచ్చట. మా టేపు అట్ట మీద దర్శకుడి పేరుంది. మెర్ల్ ట్విచెల్. ఫోన్ డైరెక్టరీలోనూ ఉంది. ఇక్కడికి నలభై మైళ్ళు. ఇప్పుడు కార్పెట్లు అమ్ముతున్నాడట. రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

అక్టోబర్ 19, ఆదివారం

ఎవరు కావాలమ్మా?

మెర్ల్ ఇంటి తలుపు తీసిన ఆవిడ అన్న మాట అది. ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న గొంతు. జ్వరం వచ్చినప్పుడు కలలోకి వచ్చి నన్ను పిలిచే గొంతు. ఎదురుగా ఏప్రన్ కట్టుకుని, చేతికి పిండితో, బతికి ఉంది.

పేరు ఫేన్. మెర్ల్ భార్య. కూర్చోబెట్టి వేడి ఆపిల్ సైడర్ ఇచ్చింది.

నేనెవరో చెప్పకుండా టేపు గురించి అడిగాను. మెర్ల్ పడీ పడీ నవ్వాడు. మైకుకి దిక్కెక్కడిదమ్మా, ఉన్నదంతా ఫిల్ముకే అయిపోయింది, కెమెరా చూస్తే కుట్టు మిషన్‌లా మోత, గరాజులో దుప్పట్లు కట్టి ఆడవాళ్ళందరి మాటలూ మా ఆవిడ చేతే చెప్పించా, కుక్క అరుపుతో సహా అన్నాడు. ఆ కుక్క ఒక్కటే బాగా చేసిందన్నారు, ఇంక ఊరుకో అంది ఫేన్.

అప్పుడు చెప్పాను, బేకరీ అమ్మాయి మా అమ్మ అని.

మెర్ల్ నవ్వు ఆపి, మీ అమ్మ నిజంగానే అరిచిందమ్మా, మిల్లు కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి అన్నాడు. ఎలా ఉండేది గొంతు అని అడిగాను. ఏమోనమ్మా, ఆ మోతలో నేను అందరి నోళ్ళే చూశాను అన్నాడు.

టేపు లేదు. పోవడం కాదు, అసలెప్పుడూ లేదు.

వచ్చేటప్పుడు ఫేన్ నా చెయ్యి పట్టుకుంది. ఏదో సరదాకి చేశాం, నీకు ఇంత అన్యాయం జరుగుతుందనుకోలేదు, క్షమించు తల్లీ అంది. ఆ మాట కూడా అమ్మ గొంతుతోనే అంది.

అక్టోబర్ 20

నాన్నకు చెప్పలేదు.

అక్టోబర్ 27

ఇవాళ చెప్పేశాను. పొద్దుటి సినిమా సగంలో ఉంది. తెర మీద పొగమంచు చూపించడానికి ఎవరో చాటున సిగరెట్లు ఊదుతున్నారు.

నాన్న స్పూను కింద పెట్టి, తెలుసే అన్నాడు.

చర్చి హాల్లో మొదటిసారి వేసినప్పుడే లేచి, అది మా డార్లీన్ గొంతు కాదు అని అరిచాడట. కూర్చోవయ్యా, కొలిమి మనిషినైనా చూడనివ్వు అన్నారట జనం. పక్కన కూర్చున్న అమ్మ నవ్వలేక చచ్చిందట. అమ్మ పోయాక టేపు పెట్టింది మొహం చూసుకోవడానికేనట. నువ్వేమో టీవీ తడిమి అమ్మ, అమ్మ అనేదానివి, కాదని ఏ నోటితో చెప్పనే అన్నాడు.

మరి అసలు గొంతు ఎలా ఉండేది నాన్నా అన్నాను.

చెబుతానుండు అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. సినిమా అయిపోయి టేపు దానంతట అదే వెనక్కి తిరిగింది. నాన్న ఇంకా కళ్ళు తెరవలేదు. చివరికి, డేల్ అని మీ అమ్మ నన్ను పిలుస్తున్నట్టు ఊహించుకుంటుంటే, ఆ సినిమావిడే పిలుస్తోంది అన్నాడు. ఎప్పుడు మారిపోయిందో ఏమో, నేను చూసుకోలేదే అన్నాడు.

లేచి గిన్నె కడిగాడు. కడిగిన గిన్నె మళ్ళీ కడిగాడు.

నేను అడక్కుండా ఉండాల్సింది.

అక్టోబర్ 28

పిల్లలకి పంచే చాక్లెట్లు గిన్నెలో పోస్తున్న అత్తను పట్టుకుని అమ్మ గొంతు ఎలా ఉండేదని అడిగాను. బాగుండేదే అంది. బాగుండడమంటే ఎలా అన్నాను. బాగుండేది అంతే అంది. సన్నమా, లావా, గరగరా? వదల్లేదు నేను. అత్త గిన్నె పక్కన పెట్టి ఏడ్చింది. మనిషి ఉండగానే గొంతు గుర్తు పెట్టుకోవాలని మాకెవరు చెప్పారే, మేమేమన్నా నీలా చదువుకున్నామా అంది.

అక్టోబర్ 31

‘కొలిమి మనిషి’ పెట్టి, నాన్న టీవీ శబ్దం పూర్తిగా తీసేశాడు. అమ్మ వచ్చింది. నోరు తెరిచింది.

ఇద్దరం వినడానికి ముందుకు వంగాం.